గింజ తెలిస్తేనే కాఫీ రుచి

కొత్తవలస, శృంగవరపుకోట దాటి కిరండూల్ రైలు కొండెక్కడం మొదలుపెట్టగానే చెవులు దిబ్బడేస్తాయి. బొర్రా గుహలు దాటి శిమిలిగూడ చేరేసరికి సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంటాం. విజయనగరం ఉక్కపోత కిందే ఉండిపోతుంది. అరకు కొండవాలుల్లో నిటారుగా సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకున్న మిరియాల పాదులు, ఆ నీడన నిగనిగలాడే ముదురాకులతో కాఫీ మొక్కలు. అవి అరబికా మొక్కలు. వాటికి కావలసింది ఆ చల్లదనమూ, ఆ నీడానే.

కాఫీ జాతులు వందకు పైగా ఉన్నా మన గ్లాసులోకి వచ్చేవి ముఖ్యంగా రెండే: అరబికా, రోబస్టా. ఈ రెంటినీ వేరు చేయడానికి కళ్లు చాలు. వేయించని గింజలు కొన్ని అరచేతిలో పోసుకోండి. కాస్త పొడవుగా, కోలగా ఉండి, నడిమి గాడి వంకర తిరిగితే అరబికా. పొట్టిగా, గుండ్రంగా ఉండి, గాడి గీత గీసినట్టు తిన్నగా సాగితే రోబస్టా. మామూలుగా ఒక పండులో రెండు గింజలు శనగబద్దల్లా చదునైన వైపులు ఆనించుకుని పెరుగుతాయి. ఏదో ఒక పండులో మాత్రం ఒక్క గింజే కట్టి బఠాణీలా గుండ్రంగా తేలుతుంది. దాన్నే పీబెర్రీ అంటారు. అది వేరే జాతేమీ కాదు, రెండు రకాల మొక్కలకూ కాస్తుంది.

అరబికాలో కెఫీన్ నూటికి 1.2 పాళ్లు, రోబస్టాలో 2.2 పాళ్లు, కాస్త అటూ ఇటూగా. చేదుగా ఉండే ఆ కెఫీనే మొక్కకు పురుగుల నుంచి కాపలా. రోబస్టా గట్టి పిండం. కొండ దిగువన, వేడిలోనూ నిలదొక్కుకుంటుంది. అరబికాది సుకుమారం. ఆకుతుప్పు తెగులు, కాండం తొలిచే పురుగు దాన్ని ఇట్టే పడగొడతాయి. 1869లో సింహళంలో బయటపడిన ఆకుతుప్పు అక్కడి కాఫీ తోటలను నాశనం చేస్తే, ఆ నేలలోనే తేయాకు నాటుకున్నారు.

గ్లాసులో మాత్రం ఆ సుకుమారమే సువాసన అవుతుంది. అరబికాలో సన్నని పులుపు, వెనకే తీపి తగులుతాయి. రోబస్టాలో చిక్కదనం, చేదు, మంచి నురగ ఉంటాయి. పాలు పోసినా దాని రుచి పలచబడదు. అందుకే దాన్ని చిన్నచూపు చూడకూడదు. మన దేశంలో పండే కాఫీలో దాదాపు 70 శాతం అదే. పైగా అరబికా పుట్టిందే రోబస్టాకూ, యూజెనాయిడిస్ అనే మరో జాతికీ అడవిలో కలిగిన సంకరం వల్ల. మూడో జాతి లైబీరికాను మలేసియా, ఫిలిప్పీన్స్‌లో ఇష్టంగా తాగుతారు. మన దేశంలో విరివిగా నాటిన ఎస్.795 అనే అరబికా రకంలో దాని అంశ కూడా ఉంది.

జాతి మంచిదైతే సగం పనే అయినట్టు. మిగతా సగం ఆ కొండల గిరిజన రైతుల చేతుల్లో ఉంది. గుత్తిలోని పండ్లన్నీ ఒక్కసారే పండవు. ఎర్రబారినవి ఏరి కోసి, మిగతావాటి కోసం మళ్లీ మళ్లీ రావాలి. కొమ్మను దూసేస్తే పచ్చికాయలు కలిసి కాఫీ వగరెక్కుతుంది. కోసిన రోజే పల్పర్‌లో వేసి తొక్క తీయాలి. గింజకు పట్టిన బంక వదిలేదాకా పులియబెట్టాలి. గింజలను వేళ్ల మధ్య రుద్దితే జారకుండా గరగరలాడాలి, అప్పుడే బంక పోయినట్టు లెక్క. ఆపైన కడిగి ఆరబెడితే పార్చ్‌మెంటు కాఫీ. తొక్క తీయకుండా పండును పండుగానే ఎండబెడితే చెర్రీ కాఫీ. ఒకే చెట్టు గింజ అయినా పార్చ్‌మెంటు రుచి తేటగా ఉంటుంది, చెర్రీ రుచి బరువుగా ఉంటుంది.

ఈ ఓపికకు గుర్తింపు దక్కింది. 2017లో పారిస్‌లో అరకు పేరుతోనే కాఫీ దుకాణం తెరుచుకుంది. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించింది.

ఇక మన వంతు. ఫిల్టర్ పొడిలో కలిపే చికోరీ కాఫీ గింజ కాదు, ఒక మొక్క వేరు. కాఫీ–చికోరీ మిశ్రమంలో దాన్ని 49 శాతం దాకా కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది. ఎంత కలిపారో ప్యాకెట్టు మీద రాయాలి. ఈసారి విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో పొడి కొనేటప్పుడు ఆ అక్షరాలు చదవండి. అరబికా ఎంత, రోబస్టా ఎంత, చికోరీ ఎంత అని అడగండి. ఒక్కసారైనా చికోరీ లేని అరకు అరబికా కాచుకుని, పాలు పోయకముందే ఒక గుక్క తాగి చూడండి. తేడా తెలిసి అడిగి కొనేవాళ్లుంటేనే, పండు ఎర్రబడేదాకా ఆగి కోసిన చేతికి తగిన ధర అందుతుంది.