ఇలస, పులస, పలసా

యానాం రేవులో చేపలమ్మే ఒకావిడను అడిగాను, ఇలసకీ పులసకీ తేడా ఏమిటని. ఆవిడ చేపను వెల్లకిలా తిప్పి, మొప్ప ఎత్తి చూపించి, పొట్ట మీద బొటనవేలితో రాసింది. పొలుసొకటి వెండి రేకులా గోటికి అంటుకుంది. "ఉప్పునీళ్లలో ఉన్నంతకాలం ఇలసేనండీ. ఎర్రనీట్లో పడి గోదారికి ఎదురీదిందంటే పులసైపోద్దండి. ఆయ్!" అంది.

గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్లందరం నేర్చుకున్న పాఠమే ఇది. నేనూ నమ్మాను. కానీ మాటల పుట్టుక వెతకడం నాకు చాలాకాలంగా అలవాటు. పాట్రిక్ రసెల్ పుస్తకం తిరగేస్తుంటే ఒక బొమ్మ దగ్గర ఆగిపోయాను. రక్తపింజరికి ఇంగ్లీషులో ఉన్నది ఈయన పేరే. విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మలు, వర్ణనలతో 1803లో లండన్‌లో అచ్చువేశాడు. చాలావాటికి అక్కడి జనం పిలిచే పేర్లే పెట్టాడు. మన చేప పేరు అందులో 'పలసా'.

ఆ పేరు పట్టుకునే 1829లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు కువియే దీన్ని 'క్లూపియా పలసా' అన్నాడు. అప్పటికే 1822లో హామిల్టన్ గంగానది చేపల పుస్తకంలో బెంగాలీల ఇలిష్‌ను 'ఇలిషా'గా ఎక్కించేశాడు. శాస్త్రంలో ముందు పెట్టిన పేరుకే హక్కు. ఏడేళ్ల తేడాతో తెలుగు మాట లోకానికి దూరమైంది. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు బాధే.

ఒక్క జలచరం పేరు కోసం ఇంత తంటాలెందుకంటే, పెద్దవాళ్లూ పడ్డారు. 1919-20ల్లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో పనిచేసిన ఇంగ్లీషు రచయిత టోల్కీన్, వాల్రస్ అనే మాట పుట్టుకను మళ్లీ మళ్లీ రాసి దిద్దాడు. పాత నార్స్ భాషలో 'గుర్రపు తిమింగలం' అనే అర్థమున్న మాట డచ్చివాళ్ల నోట ముందువెనకలై వాల్రస్ అయిందని ఒక వాదన.

మళ్లీ యానాం వెళ్లినప్పుడు రసెల్ బొమ్మను ఫోనులో ఆవిడకు చూపించాను. చూడగానే పోల్చుకుంది. ఊరు చెప్పగానే మొహం చిట్లించింది. "ఇశాపట్నంలో గోదారెక్కడుందండీ?"

నేను నెలల తరబడి తిరిగి చేరిన చోటికి ఆవిడ ఒక్క మాటలో వచ్చేసింది. సముద్రం ఒడ్డున కూడా ఈ చేపకు ఆ పేరు ఉండేదన్నమాట. ఒకే చేపకు రెండు పేర్లు మిగిలితే జనం ఊరుకోరు, చెరో పని అప్పగిస్తారు. ఇలసకు సముద్రం, పులసకు గోదావరి. ఇలసకు వందలు, పులసకు వేలు.

నా నోటుపుస్తకంలో పులస పక్కన 1803 అని వేసి, దాని కింద ఆవిడ ప్రశ్న రాసుకున్నాను.