అలిగిన బ్యాటరీ

ముసురు పట్టిన వారం. ఇంటింటికీ భోజనాలు చేరవేసే మా గాజువాక కుర్రాడొకడు స్కూటరు బ్యాటరీని గోనెసంచిలో చుట్టి మోసుకొచ్చాడు. "ఏటి మావయ్యా, చచ్చిపోనాదా?" అన్నాడు. ఎక్కడో చూపిస్తే బోర్డు పోయింది, మార్చాలన్నారట. బయటి తీగలకి మీటరు పెట్టాను. మూడు వోల్టులు కూడా లేవు. మూత తీసి సెల్లుల వరస రెండు కొసల మీద పెడితే నిక్షేపంగా 46. ఇంట్లో మనుషులున్నారు, లోపల గడియ వేసుకున్నారు, అంతే.

ఆ గడియ వేసేది బీఎంఎస్ అనే చిన్న బోర్డు. వరసలో 13 సెల్లులుంటే ఒక్కోదాని దగ్గరికీ సన్నని తీగ పంపి వోల్టేజీ చూస్తుంటుంది. ఏ ఒక్కటి గీత దిగినా మొత్తం ప్యాక్‌ని ఆపేస్తుంది. ఎక్కడ ఆపాలి, ఎక్కడికి ఎక్కితే వదలాలి అన్నది ఒక్కో బోర్డుకి ఒక్కోలా ఉంటుంది. ఆపేదానికంటే వదిలేది కాస్త పైన పెడతారు. లేకపోతే గీత దగ్గర రోజంతా ఆగుతూ, కదులుతూ ఉంటుంది.

మన విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర చూసే ఉంటారు. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో సెలవు తీసుకుని, 2002 నుంచి మ్యూజియంగా ఉన్న జలాంతర్గామి. నీటి అడుగున అది నడిచింది బ్యాటరీల మీదే. అలాంటి చోట సెల్లు సెల్లుకీ కొలత చూసి పుస్తకంలో రాయడం మనుషుల పని. ఈ చవక బోర్డు కొలుస్తుంది గానీ ఎందుకు ఆపిందో చెప్పదు. కాబట్టి పుస్తకం మనమే రాయాలి.

రాశాను. బోర్డు కనెక్టరు దగ్గర పన్నెండు సెల్లులు 3.5 పైన ఉన్నాయి. తొమ్మిదోది 2.1. పోయిందనే అనుకున్నాను. ఎందుకైనా మంచిదని మీటరు ముల్లుని నేరుగా ఆ సెల్లు మీదే పెట్టాను. 3.5! సెల్లు బాగుంది, కబురు తెచ్చే తీగే అబద్ధం చెబుతోంది. కనెక్టరు ఊడదీస్తే పిన్ను మీద పచ్చటి చిలుం. మన ఊరి ఉప్పుగాలి కిటికీ ఊచల్ని వదలదు, దీన్ని వదులుతుందా?

పిన్ను మార్చాను. కొలతలన్నీ సరిపోయాయి. బయట మాత్రం మళ్ళీ సున్నాయే. కొన్ని బోర్డులు ఒకసారి గడియ వేస్తే చార్జరు వచ్చి తలుపు తట్టేదాకా తీయవు. ఈ చార్జరేమో అవతల బ్యాటరీ వోల్టేజీ కనిపిస్తే గానీ కరెంటు వదలదు. అలిగిన తోడికోడళ్ళలాగా నువ్వు ముందు పలకమంటే నువ్వు ముందు పలకమని కూర్చున్నాయి. బెంచి మీది పవర్ సప్లైని 54.6 వోల్టుల దగ్గర పెట్టి, కరెంటుని అర ఆంపియరు దాటకుండా కట్టేసి, ప్యాక్ చార్జింగ్ తీగలకి తగిలించాను. కొన్ని క్షణాలకి గడియ తెరుచుకుంది.

సెల్లు నిజంగానే రెండు వోల్టుల కిందకి దిగి చాలాకాలం పడి ఉంటే ఈ విద్య చేయకూడదు. అంత దిగితే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. మళ్ళీ చార్జింగ్ పెడితే ఆ రాగి ముళ్ళలా పేరుకుని లోపలే షార్టు కావచ్చు. ఇక బోర్డుని తప్పించి తీగ కలిపేసేవాళ్ళున్నారు. ఫ్యూజు ఎగిరిన చోట లావు రాగితీగ చుట్టే పాత అలవాటే ఇది. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఒక మనిషి చనిపోయాడు. ఆ ఏడాది చివర్లో బ్యాటరీ భద్రతకి ఏఐఎస్-156 నిబంధనలు బిగించారు. బిగించిన నిబంధనని మూర తీగతో వదులు చేయడం నా దృష్టిలో నేరమే.

మీ బండీ ఇలా ఆగితే, బోర్డు మార్చుతానన్న మెకానిక్‌ని ఒక్క కాగితం అడగండి: సెల్లు మీద ఎంత, కనెక్టరు దగ్గర ఎంత, అన్నిటికీ రాసిమ్మనండి. అది చూశాకే డబ్బులు తీయండి.