అంచు దగ్గర ఆపేవాడు

మా కోనసీమలో రాయి పుట్టదు. గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు మీద బతుకుతున్నవాళ్లం, పునాదికి కావలసిన రాయి కూడా లారీల్లో బయటినుంచి దిగాల్సిందే. అందుకే అమలాపురంలో బస్సు మాట్లాడుకుని కడప జిల్లా గండికోటకి వెళ్లినప్పుడు, జమ్మలమడుగు దాటగానే కిటికీ సీట్ల కోసం పెద్దవాళ్లు కూడా పోటీపడ్డారు.

అందరికీ లోయ చూడాలనే తొందర. అక్కడి గైడు, ఆ పక్క ఊరి కుర్రాడే, ఒప్పుకోలేదు. "లోయ యాడికీ పోదు సార్, ఎండ తగ్గనీయండి" అన్నాడు. ముందు మాధవరాయస్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం చూపించాడు. ధాన్యాగారం చల్లదనంలో కూర్చోబెట్టి ఒక్క సంగతే చెప్పాడు: పెమ్మసాని నాయకుల కోటని సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాక, 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు ఆయన్ని కలవడానికి ఇక్కడిదాకా వచ్చాడని. తారీఖులు ఏకరువు పెట్టలేదు. బయల్దేరేటప్పుడల్లా తలలు లెక్కపెట్టాడు. మోకాళ్ల నొప్పులవాళ్లని ముందు నడిపించి, కుర్రాళ్లని వెనక ఉంచాడు. గుంపుని నడిపించడంలో పనితనమంతా ఇందులోనే ఉందని నాకనిపించింది.

పొద్దు వాలాక బండలెక్కించాడు. అంచుకి పది అడుగుల ఇవతలే అందరినీ కూర్చోమన్నాడు. కింద మూడు వందల అడుగుల లోతున పెన్న. ఎర్రటి గోడలు పొరమీద పొరగా, అడ్డంగా నిలువుగా చీలి ఉన్నాయి. మా బస్సులోని ఒక పెద్దావిడ "ఇంత గోడ ఎవరు కట్టారు బాబూ?" అని అడిగింది. "ఎవురూ కట్టలేదమ్మా, నీళ్లు కోసినాయి" అన్నాడు. పక్కనున్న బండమీద సన్నటి అలల గీతలు చూపించి, వేలితో తడిమి చూడమన్నాడు. వంద కోట్ల ఏళ్లకి పూర్వం ఇది సముద్రపు ఇసుక. అంతర్వేది ఒడ్డున అలలు వెనక్కి తగ్గాక ఇసుకమీద మిగిలే గీతలే అవి. ఆవిడ చెయ్యి తియ్యలేదు.

అప్పుడే ఇద్దరు కుర్రాళ్లు ఫొటో కోసం ముందుకి పొడుచుకొచ్చిన బండమీదికి వెళ్లబోయారు. "డబ్బులు కట్టి వచ్చామండి" అన్నారు. గైడు అడ్డంగా నిలబడ్డాడు. గొంతు పెంచలేదు, పక్కకీ తప్పుకోలేదు.

గైడు ఉండాలన్నది కొన్నిచోట్ల నియమమే. అమెరికాలోని మన పిల్లలు చూసొచ్చే అరిజోనాలోని యాంటిలోప్ కాన్యన్‌లోకి నవాహో తెగవారి అనుమతి ఉన్న గైడు లేనిదే ఎవరినీ పోనివ్వరు. 1997 ఆగస్టు 12న ఎక్కడో దూరాన కురిసిన వాన ఆ ఇరుకు సందులోకి వరదై దూకి పదకొండుమందిని బలి తీసుకుంది. అలాంటి దుఃఖం మనకీ తెలుసు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో, కచ్చులూరు దగ్గర, వరద గోదావరిలో పడవ మునిగింది. ఆ రోజు "వద్దు" అనే మాట నెగ్గి ఉంటే ఎన్ని ఇళ్లలో దీపాలు నిలిచేవో!

గండికోట అంచు పొడవునా కంచె కట్టలేం. కట్టినా, ఆ బండమీది గీతల్ని అది చూపించదు. కానీ మన ఊళ్లనుంచి బస్సులు కట్టేవాళ్లు ఖర్చు తగ్గించాలనగానే ముందు కొట్టేసేది గైడునే. భోజనం, బస రాసినట్టే గైడు కూలి కూడా టికెట్ ధరలో కలిపి రాయండి. అతను "వద్దు" అన్నచోటికి ఎవరూ వెళ్లకూడదని బస్సెక్కేముందే అమలాపురంలో చెప్పండి.