చిప్ టైమ్ చెప్పే న్యాయం

ఆగస్టు దగ్గరపడిందంటే నాకు రెండు పనులు ముంచుకొస్తాయి. ఒకటి, హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ మారథాన్ కోసం తెల్లవారుజామున లేచి పరుగు సాధన చేయడం. రెండోది, ఆ పరుగు పేరు చెప్పి తెలిసినవాళ్లందరినీ చందా అడగడం. ఆ డబ్బు చదవడం, రాయడం, లెక్కలు చేయడం కష్టమయ్యే అభ్యసన వైకల్యాలు, అంటే డిస్లెక్సియా, డిస్‌గ్రాఫియా, డిస్‌కాల్కులియా ఉన్న పిల్లలకు చదువు చెప్పే ఒక చిన్న సంస్థకు వెళుతుంది. 21 కిలోమీటర్ల పరుగు ఒక్క పూటలో అయిపోతుంది. అడగడం మాత్రం నెలల తరబడి సాగుతుంది. నా మట్టుకు నాకు సేవ అంతా ఆ అడగడంలోనే ఉందనిపిస్తుంది.

ఎందుకో చెబుతాను. మా అపార్ట్‌మెంట్‌లో రిటైరైన పెద్దాయన ఒకరు, "బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకా అమ్మా?" అని అడిగారు. "కాదు బాబాయ్‌గారూ, వీళ్లు తెలివిలో ఎవరికీ తీసిపోరు. చెవిన పడ్డది ఇట్టే పట్టేస్తారు. పుస్తకం తెరిస్తేనే అక్షరాలు లొంగవు" అన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, "మా మనవడు వేమన పద్యాలు విని గడగడా అప్పజెప్పేస్తాడు. నోట్సు రాయమంటే మాత్రం ఏడుపే. బద్ధకమని టీచరు రోజూ డైరీలో రాసి పంపుతోంది" అన్నారు. ఆ తర్వాత చందా ఊసే రాలేదు. ముందు పిల్లాడి కళ్లూ చెవులూ చూపించాలని, అక్కడ ఏ లోపమూ లేదని తేలాక సైకాలజిస్టు దగ్గర పరీక్ష చేయించాలని చెప్పాను. అది డిస్లెక్సియానో కాదో తేల్చాల్సింది సైకాలజిస్టే. కానీ ‘బద్ధకం’ అనే తీర్పు మీద ఆ ఇంట్లో మొదటిసారి అనుమానం పుట్టింది. ఆ అనుమానం విలువ ఏ చందాకూ తక్కువ కాదు.

ఇచ్చిన డబ్బు ఏమవుతుందో దాతలకు కళ్లకు కట్టినట్టు చెప్పాలని ఒకసారి సంస్థ క్లాసులో కూర్చున్నాను. బల్ల మీద పళ్లెం, పళ్లెంలో సన్నని ఇసుక. ఎదురుగా తొమ్మిదేళ్ల పాప. టీచరు ‘ధ’ అంటే తనూ ‘ధ’ అంటూ వేలితో ఇసుకలో రాసింది. తర్వాత ‘థ’. ఈసారి పొట్టలో చుక్క మర్చిపోయింది. టీచరు ఏమీ అనలేదు, ఇసుక సర్ది మళ్లీ పలికించింది. పాప మళ్లీ రాసింది, చుక్క పెట్టింది, తలెత్తి చూసింది. కంటితో చూస్తూ, చెవితో వింటూ, నోటితో అంటూ, వేలితో దిద్దే ఈ పద్ధతికి అమెరికాలో 1930లలో ఆర్టన్, గిల్లింగ్‌హామ్ అనే ఇద్దరు ఒక క్రమం ఏర్పరిచారు. ఇసుకలో ఓనమాలు దిద్దించిన మన వీధిబడి పంతుళ్లకూ వేలికీ అక్షరానికీ ఉన్న చుట్టరికం తెలిసే ఉంటుంది.

మన లిపిలో ఈ పిల్లల కష్టం ఎలాంటిదో ఆ పళ్లెం ముందే నాకు అర్థమైంది. ‘వ’ పక్కన కొమ్ము చేరితే ‘మ’ అవుతుంది. అదే కొమ్మును కింద నుంచి తిప్పితే ‘వు’. ‘క్ర’కూ ‘కృ’కూ తేడా ఒక చిన్న వంపులో ఉంది. గుణింతాలు, ఒత్తులు కలుపుకుంటే గుర్తుపట్టాల్సిన రూపాలు వందల్లోకి వెళతాయి. ఒక్కొక్కటీ చేతికి అలవాటయ్యేదాకా ఒక టీచరు ఒక పిల్ల పక్కన కూర్చోవాలి. ఇవాళ వచ్చింది రేపు జారిపోతే విసుక్కోకుండా మళ్లీ మొదలుపెట్టాలి. కాబట్టి చందా డబ్బులో సింహభాగం టీచర్ల జీతమే. టీ షర్టులకూ బ్యానర్లకూ కాదు, టీచరు సమయానికి ఇవ్వండని నేను అడిగేది అందుకే. ఏడాదికోసారి పెద్ద మొత్తం ఇచ్చేకంటే నెలనెలా కొంచెం ఇస్తే ఆ పిల్ల పక్కన టీచరు కొనసాగుతుంది. ఇచ్చేముందు టీచర్లకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. రసీదు తప్పకుండా తీసుకోండి.

ఇక పరుగు రోజు. పీపుల్స్ ప్లాజా దగ్గర వేలమందిమి గుంపుగా నిలబడతాం. గంట కొట్టగానే అందరం ఒకేసారి కదలలేం. వెనకవాళ్లు స్టార్ట్ లైన్ చేరేసరికి నిమిషాలు గడిచిపోతాయి. అందుకే ఛాతీకి పెట్టుకునే నంబరు కాగితం, అంటే బిబ్‌కు చిప్ ఉంటుంది. ఎవరు ఎప్పుడు స్టార్ట్ లైన్ దగ్గరి మ్యాట్ మీద అడుగుపెడితే వాళ్ల గడియారం అప్పుడు మొదలవుతుంది. ముందు వరుసలో బహుమతులకు పోటీపడేవాళ్ల లెక్క వేరు కావచ్చు. మిగతా మా అందరికీ సర్టిఫికెట్ మీద పడే చిప్ టైమ్ ముఖ్యం. వెనక నిలబడ్డ మనిషికి ఆ నిమిషాలు మినహాయించారే అని ఇన్నేళ్లలో ఒక్క రన్నరూ సణగగా నేను వినలేదు. అది దయ కాదు, లెక్క సరిచేయడమని అందరికీ తెలుసు.

పరీక్ష హాల్లో మాత్రం ఇదే న్యాయం జనానికి మింగుడుపడదు. 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు వైకల్యాలనే గుర్తించింది, అభ్యసన వైకల్యం అందులో లేదు. 2016 చట్టం ఆ జాబితాను 21కి పెంచి దీన్నీ చేర్చింది. వైకల్య సర్టిఫికెట్ ఉన్న పిల్లలకు సీబీఎస్‌ఈ గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఇస్తుంది. మూడు గంటల పేపరుకు నాలుగు గంటలన్నమాట. అవసరమైతే జవాబులు రాసిపెట్టడానికి మనిషిని కూడా అనుమతిస్తుంది. అయినా "వాడికి గంట ఎక్కువిస్తే మా వాడి సంగతేంటి?" అనే తల్లిదండ్రులున్నారు. పక్క పిల్లాడు ప్రశ్న చదివి జవాబు మొదలుపెట్టేసరికి డిస్లెక్సియా ఉన్న పిల్ల ఇంకా ప్రశ్న దగ్గరే ఉంటుంది. ఆమె గడియారం ఆలస్యంగా మొదలైంది, అంతే. రన్నర్లకు ఈ మాట చెబితే వెంటనే తలూపుతారు. అందుకే ఈ పిల్లల తరఫున మాట్లాడటానికి రన్నర్లు తగినవాళ్లని నేను నమ్ముతాను.

ఈసారి ఎవరైనా పరుగు పేరుతో మీ తలుపు తడితే చందాతో సరిపెట్టకండి, ఆ పిల్లల గురించి వాళ్లను కూర్చోబెట్టి చెప్పించుకోండి. మీ పిల్లల బడిలో జరిగే పేరెంట్స్ మీటింగ్‌కు వెళ్లి రెండు ప్రశ్నలు అడగండి. ఇక్కడ స్పెషల్ ఎడ్యుకేటర్ ఉన్నారా? అదనపు సమయానికి ఎవరికి దరఖాస్తు పెట్టుకోవాలో తల్లిదండ్రులకు చెబుతున్నారా? మీ ఇంట్లో ఆ అవసరం లేకపోయినా అడగండి. అవసరం ఉన్న తల్లి అదే గదిలో నోరు విప్పలేక కూర్చుని ఉండవచ్చు.