కాగితం మీద కాపురం

ఒక రచనను విమర్శించే ముందు అది ఎవరి కోసం రాసినది, ఎవరు రాయించినది అన్న ప్రశ్న వేసుకోవాలని మనం చాలాకాలంగా చెప్పుకుంటున్నాం. నేనిక్కడ చర్చించదలచుకున్న రచన ఏ పత్రికలోనూ అచ్చు కాదు. దాని పాఠకుడు ఒక్కడే, ఆస్ట్రేలియా హోం వ్యవహారాల శాఖలో ఒక అధికారి. భార్యనో భర్తనో తన దగ్గర ఉంచుకోవడానికి స్పాన్సర్ చేసేవాళ్లు దరఖాస్తుతో పాటు తమ కాపురం గురించి రాసిచ్చే వాంగ్మూలం అది. ఇంగ్లీషు సరిచూడమని తెలిసినవాళ్ల పిల్లలు పంపితే కొన్ని చదివాను. వ్యాకరణం దిద్ది పక్కన పెట్టేయదగ్గ వ్యవహారం కాదనిపించింది.

ఆ దేశపు 1994 వలస నిబంధనల్లో 1.15ఏ అనే నియమం ఉంది. దాంపత్యం నిజమా కాదా తేల్చడానికి అధికారి నాలుగు విషయాలు చూడాలి: డబ్బు, ఇల్లు నడిచే తీరు, నలుగురిలో గుర్తింపు, పరస్పర నిబద్ధత. వరసలో మొదటిది డబ్బే. ఉమ్మడి ఆస్తులున్నాయా, ఉమ్మడి అప్పులున్నాయా, పెద్ద ఖర్చులకు ఇద్దరి డబ్బూ ఒకచోట చేరుతోందా, ఒకరి పట్ల మరొకరికి చట్టపరమైన బాధ్యత ఉందా, రోజువారీ ఖర్చులు ఎలా పంచుకుంటున్నారు - ఇవీ ప్రశ్నలు. నాలుగూ చూడాలన్నదే నియమం, నిజమే. కానీ నిబద్ధతకు రసీదు దొరకదు, కరెంటు బిల్లుకు దొరుకుతుంది. దరఖాస్తు రుసుమే 9,000 ఆస్ట్రేలియా డాలర్లు దాటినప్పుడు రసీదు ఉన్న వైపే ఎవరైనా మొగ్గుతారు.

వలస వచ్చిన స్త్రీ మాటను నమ్మకపోవడం ఈ ఒక్క దేశపు అలవాటు కాదు. 1979లో లండన్ హీత్రూ విమానాశ్రయంలో, పెళ్లాడబోయేవాడి కోసం వచ్చిన ఒక భారతీయ ఉపాధ్యాయురాలికి కన్యత్వ పరీక్ష చేశారు. ఆమె మాట చాలక శరీరం చేత సాక్ష్యం చెప్పించారు. ఇవాళ ఆ సాక్ష్యం బ్యాంకు ఖాతా చెబుతోంది. ఇది మెరుగే, కాదనను.

నేను చూసిన వాంగ్మూలాల్లో రెండింటిని పక్కపక్కన పెడతాను. ఒకటి మా మేనకోడలిది. తాత్కాలిక వీసా మీద వెళ్లింది, ఇప్పుడు శాశ్వత వీసా అంచెకు వచ్చింది. ఆమె కాగితాలు ఏ అధికారీ వంక పెట్టలేనివి. ఆమె జీతం నెలనెలా ఉమ్మడి ఖాతాలో పడుతుంది. అద్దె ఒప్పందంలో ఇద్దరి పేర్లు, కారు అప్పులో ఇద్దరి సంతకాలు. రెండోది మరో జంటది. ఇద్దరివీ విడి ఖాతాలు. అద్దె ఒప్పందం స్నేహితుడి పేర ఉంది. అతని జీతంలో సగం ఊళ్లో నాన్న వ్యవసాయపు అప్పుకు పోతుంది. ఆమె స్నేహితురాళ్లతో చీటీ వేసి, ఆ పాడిన డబ్బుతో ఆడబిడ్డ పెళ్లి ఖర్చు తీర్చింది. ఎవరి దగ్గర ఉంటే వాళ్లు ఇచ్చారు. ఒక్కదానికీ కాగితం లేదు. దాన్ని వివరించడానికి మూడు పేజీలు రాసుకున్నారు, అయినా నమ్ముతారో లేదోనన్న భయం ప్రతి వాక్యంలోనూ ఉంది.

మొదటి ఫైలులో లేనిది నాకు ఫోనులో తెలిసింది. ఆ ఉమ్మడి ఖాతా పాస్‌వర్డు అతని దగ్గరే ఉంటుంది. వాళ్లమ్మ మందులకు రెండు వందల డాలర్లు పంపాలంటే అడగాలి, ఎందుకో చెప్పాలి. "నీ పేర ఒక చిన్న ఖాతా తెరుచుకోవే" అన్నాను. "వీసా వచ్చేదాకా వద్దు మామయ్యా. విడిగా ఖాతా కనిపిస్తే అనుమానిస్తారని ఏజెంటు అన్నాడు" అంది. నియమంలో అలా ఎక్కడా లేదు. కానీ నియమం కంటే దాని నీడ పొడుగు. హింస వల్ల బంధం తెగితే ఆ స్త్రీ వీసా నిలబెట్టే ఏర్పాటు కూడా ఆ చట్టంలో ఉంది. అయితే దానికీ సాక్ష్యాలు కావాలి. అడిగించుకుని డబ్బిచ్చే మొగుణ్ణి ఏ కాగితం పట్టిస్తుంది?

పెళ్లి వెనక ఉన్నది ఆస్తేనని 1884లో ఎంగెల్స్ రాసినదాన్ని మనం సభల్లో వల్లించాం. ఆ మాటను అందరికంటే నిక్కచ్చిగా అమలుపరుస్తున్నది వలస అధికారే అని నాకిప్పుడనిపిస్తోంది! ఎంగెల్స్‌కు అది అభియోగం, అధికారికి అది యోగ్యతాపత్రం. ఇద్దరి పేర్లూ ఒక కాగితం మీద ఉండటం రూపం. ఆ డబ్బు మీద చెయ్యి ఎవరిదన్నది సారం. అధికారి రూపం దగ్గర ఆగిపోతాడు, అతని ఉద్యోగం అంతవరకే.

చలం 1927 నాటి 'మైదానం' తీసుకోండి. రాజేశ్వరిని, అమీర్‌ను ఈ దరఖాస్తు నింపమంటే ఏం జతపరుస్తారు? పెళ్లి కాని సహజీవనాన్ని ఆ దేశం గుర్తిస్తుంది గనక అర్హత ఉంటుంది. అద్దె చీటీ ఉండదు, బిల్లు ఉండదు. సాక్ష్యాలన్నీ సక్రమంగా ఉండేది ఆమె వదిలేసి వచ్చిన ప్లీడరు ఇంట్లో.

అధికారి ఆగిన చోట మన రచయిత మొదలుపెట్టాలి కదా! నేను చదివినంతలో మన వలస కథల్లో ఊరి బెంగ ఉంది, మంచు ఉంది, ఒంటరి తల్లిదండ్రులున్నారు. జీతం ఎవరి ఖాతాలో పడింది, కార్డు ఎవరి జేబులో ఉంది అన్నది అరుదుగా కనిపిస్తుంది. ఈ మాటంటే ఒక కథకమిత్రుడు, "బ్యాంకు స్టేట్‌మెంటు కథావస్తువా?" అని నవ్వాడు. 1892లో మొదటిసారి ప్రదర్శించిన 'కన్యాశుల్కం'లో పిల్ల ధర గురించిన బేరాలు తీసేస్తే ఏం మిగులుతుందో ఆయనే చెప్పాలి. గురజాడ ఆ అంకెలను దాటవేయలేదు, వాటి నోటనే మనుషుల్ని మాట్లాడించాడు. పోపుల డబ్బాలో దాచుకున్న చిల్లర నుంచి ఉమ్మడి ఖాతా దాకా మన ఆడవాళ్ల చేతిలో డబ్బు ఎంతకాలం నిలిచింది, ఎలా జారిపోయింది అన్న కథ రాయడానికి విదేశాలకు వెళ్లనక్కరలేదు. వెళ్లినవాళ్లకు మాత్రం అది కళ్లెదుటే, నెలనెలా అచ్చయి వస్తోంది.

మా మేనకోడలు పంపిన వాంగ్మూలంలో, "మా ఆర్థిక నిర్ణయాలన్నీ ఇద్దరం కలిసి తీసుకుంటాం" అనే వాక్యం ఉంది. దాని దగ్గర చాలాసేపు ఆగాను. "ఉంచనా, తీసేయనా?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. "ఉంచు మామయ్యా, టెన్స్ ఒక్కటి చూడు" అంది.