కొత్త అమావాస్యకు కాకినాడ

పిట్టల కోసం సముద్రానికి వెళ్లేవాడు సెలవు కాదు, తిథి చూసుకోవాలి. అమావాస్యకూ పౌర్ణమికీ పోటూ ఎక్కువే, పాటూ ఎక్కువే. నేనూ నా మిత్రుడూ ఉగాది ముందరి కొత్త అమావాస్యకు విశాఖ నుంచి కారులో కాకినాడ బయల్దేరేది అందుకే. పోటు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుందని లెక్కకట్టి, తునిలో టిఫిన్‌కు ఎంతసేపు ఆగొచ్చో వాడు ముందే చెప్పేస్తాడు. రెండో కాఫీకి అనుమతి ఉండదు.

కత్తిపూడి దగ్గర హైవే వదిలి పిఠాపురం, ఉప్పాడ. అక్కణ్ణుంచి కాకినాడ బీచ్ రోడ్డును కెరటాలు ఎంత మిగిల్చాయన్నదాన్ని బట్టి దారి.

కాకినాడ తీరంలో కుంభాభిషేకం అనే చోట పాటువేళ బురద మేట కనుచూపు మేర బయటపడుతుంది. పిట్టలన్నీ ఎక్కడో చివర్న ఉంటాయి. చాలామంది వాటి వెంట బురదలోకి దిగుతారు. మేం గట్టునే కూర్చుంటాం. పోటు మొదలైతే నీళ్లే వాటిని మన దగ్గరికి తోసుకొస్తాయి. కెమెరాతో పరుగెత్తి గుంపును లేపేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వేల మైళ్ల ప్రయాణానికి అవి ఈ బురదలోని పురుగూ పుట్రా తిని కొవ్వు కూడబెట్టుకునే రోజులివి. ఒక ఫోటో కోసం దాన్ని కరిగించడమెందుకు?

శీతాకాలమంతా ఈ ఉల్లంకి పిట్టలన్నీ ఒకే బూడిద రంగు; తల పట్టుకోవాల్సిందే. ఫాల్గుణం చివరికి రంగు తిరుగుతాయి. కర్లూ శాండ్‌పైపర్ పొట్ట ఇటుకెరుపు, గోల్డెన్ ప్లోవర్ పొట్ట నలుపు. అన్నీ ఒకేసారి కాదు. కొన్ని సగం వేషం కట్టి తెర వెనక నిలబడ్డ నటుల్లా ఉంటాయి. ఈ రంగులు మన కోసం కాదు, సైబీరియాలో జోడీ కోసం. పోల్చుకోవడం మనకు సులువయ్యేసరికి అవి వెళ్లిపోతాయి. కింది ముక్కుతో నీటిని కోస్తూ ఎగిరే స్కిమ్మర్లు అంతకన్నా తొందరపడతాయి; చంబల్ ఇసుక తిన్నెలు బయటపడగానే వాటికి గూళ్ల పని.

ఈ పనికి ఇద్దరు కావాలని నా నమ్మకం. టెలిస్కోపులో కన్ను పెట్టినవాడికి తాను కోరుకున్న పిట్టే కనబడుతుంది. పక్కన పుస్తకం పట్టుకున్నవాడు నమ్మకూడదు. మొన్న నేను "గ్రేటర్ శాండ్ ప్లోవర్! ముక్కు చూడు, ఎంత పొడుగో!" అన్నాను.

"ముక్కు సంగతి తర్వాత, కాళ్ల రంగు చెప్పరా."

పసుపుపచ్చవైతే గ్రేటర్, నల్లగా ఉంటే లెస్సర్. కాళ్ల నిండా బురద.

"బురద రంగు," అన్నాను.

వాడు "శాండ్ ప్లోవర్, రకం తేలలేదు" అని రాశాడు. అది గ్రేటరేనని నేనిప్పటికీ అంటాను. పెన్ను మాత్రం వాడి దగ్గరుంది.