నిర్దోషికి పరిహారం: లా కమిషన్ 277వ నివేదిక తులనాత్మక దృష్టి – విమర్శ

వివిధ దేశాల నేరన్యాయ వ్యవస్థలను పోల్చే రచనలు సాధారణంగా దేశానికొక చట్టం, చట్టానికొక సెక్షను చొప్పున పట్టిక వేసి ఆగిపోతాయి. 2018 ఆగస్టులో భారత లా కమిషన్ సమర్పించిన 277వ నివేదిక ఆ స్థాయిని దాటింది. అక్రమ ప్రాసిక్యూషన్‌కు గురైనవారికి పరిహారం న్యాయమూర్తి దయగా కాక చట్టబద్ధమైన హక్కుగా అందాలని అది వాదించింది. అయితే దాని బలం, బలహీనత రెండూ ఇతర దేశాల పద్ధతులను స్వీకరించిన తీరులోనే ఉన్నాయి. మైలవరం శాసనసభ నియోజకవర్గంలోని ఇబ్రహీంపట్నం కేసును పక్కన పెట్టుకొని చదివితే ఈ సంగతి స్పష్టమవుతుంది.

2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నంలోని ఒక హాస్టల్‌లో విద్యార్థిని అత్యాచారానికి, హత్యకు గురైంది. 2008 ఆగస్టులో నందిగామ ప్రాంతానికి చెందిన ఒక పేద యువకుడిని పోలీసులు అరెస్టు చేశారు. అసలు దోషి అతడు కాడని మృతురాలి తల్లిదండ్రులే బహిరంగంగా చెబుతూ వచ్చారు. 2010లో విజయవాడ మహిళా సెషన్స్ కోర్టు అతనికి జైలుశిక్ష విధించింది. 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు దర్యాప్తు తీరును తీవ్రంగా తప్పుపట్టి, అతణ్ని నిర్దోషిగా ప్రకటించింది. లక్ష రూపాయలు చెల్లించాలని కూడా ఆదేశించింది. ఆ మొత్తాన్ని ఎనిమిదేళ్ల నిర్బంధానికి పంచితే రోజుకు సుమారు 34 రూపాయలు. ఇది న్యాయస్థానంపై ఆక్షేపణ కాదు. ఎంత ఇవ్వాలో చెప్పే చట్టమే లేనప్పుడు ఏ మొత్తమైనా యాదృచ్ఛికమే అవుతుంది.

ఉన్న నిబంధనల సంగతి మరీ విచిత్రం. తగిన కారణం లేకుండా అరెస్టయిన వ్యక్తికి పాత నేర విచారణ స్మృతి 358వ సెక్షను కింద దక్కే గరిష్ఠ పరిహారం వెయ్యి రూపాయలు. 2005 సవరణకు ముందు అది వంద. అదీ ప్రభుత్వం ఇచ్చేది కాదు, అరెస్టు చేయించిన వ్యక్తి ఇవ్వవలసింది. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 399వ సెక్షనులో ఆ వెయ్యిని అలాగే నిలిపింది. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో 1979లో చేరినప్పుడే, చట్టవిరుద్ధ నిర్బంధానికి రాజ్యం నుంచి పరిహారం పొందే హక్కు తమ న్యాయవ్యవస్థలో లేదని భారత ప్రభుత్వం మినహాయింపు కోరింది. రుదుల్ షా కేసు (1983)తో సుప్రీంకోర్టు తలుపు కొంత తెరిచినా, ఆ దారిలో వచ్చే ఉపశమనం కేసుకొక తీరుగానే ఉంటోంది.

ఈ ఖాళీని పూరించడానికి 277వ నివేదిక ప్రత్యేక న్యాయస్థానాలను సూచించింది. కానీ అర్హతకు అది పెట్టిన షరతు, ప్రాసిక్యూషన్ దురుద్దేశంతోనో సద్భావం లేకుండానో సాగి ఉండాలన్నది. దాన్ని నిరూపించే భారం పరిహారం అడిగినవాడిదే. ఎనిమిదేళ్లు రాజమహేంద్రవరం జైలులో గడిపి వచ్చిన నిరుపేద దర్యాప్తు అధికారి మనసులోని ఉద్దేశాన్ని ఏ ఆధారంతో రుజువు చేయగలడు? నివేదిక ఈ ప్రశ్న దగ్గర తగినంత సేపు నిలవలేదు.

నివేదిక పరిశీలించిన దేశాలలో బ్రిటన్ ఒకటి. అక్కడి 1988 నేరన్యాయ చట్టం 133వ సెక్షను ప్రకారం గడువులోగా వేసిన సాధారణ అప్పీలులో విడుదలైనవారికి పరిహారమే లేదు. గడువు దాటిన అప్పీలులోనో, ప్రత్యేక సమీక్ష ద్వారానో శిక్ష రద్దయితేనే అర్హత. 2014 సవరణ తర్వాత, కొత్తగా బయటపడిన అంశం ఆ వ్యక్తి నేరం చేయలేదని సందేహాతీతంగా చూపాలి. అంటే ఇబ్రహీంపట్నం కేసు లండన్‌లో జరిగి ఉంటే, మొదటి అప్పీలులోనే గెలిచినందున అతనికి ఆ చట్టం కింద ఒక్క పౌండు కూడా అందదు. ‘ఉత్తమ పద్ధతి’ అన్న ముద్ర చూసి అరువు తెచ్చుకొనేవారు ముందుగా ఇలాంటి లెక్క వేసుకోవాలి.

జర్మనీ పద్ధతి వేరు. 1971 నాటి పరిహార చట్టం అధికారి తప్పు కోసం వెతకదు. నిర్దోషిగా విడుదలైనవాడు విచారణ ఖైదీగా గడిపిన రోజులు సహా ప్రతి రోజుకు 2020 నుంచి 75 యూరోలు చెల్లిస్తుంది. ఆర్థిక నష్టం దీనికి అదనం. తన నిర్లక్ష్యంతోనే కేసు కొనితెచ్చుకున్నవారికి మాత్రం మినహాయింపు. ఈ లెక్కన ఎనిమిదేళ్లకు రెండు లక్షల యూరోలు దాటుతుంది. మన ఆర్థిక స్థితికి ఆ రేటు కుదరకపోవచ్చు. తీసుకోవలసింది అంకెను కాదు, దురుద్దేశపు రుజువును అడగని సూత్రాన్ని. 277వ నివేదిక జర్మనీని పరిశీలించి కూడా ఈ సూత్రాన్ని వదిలేసింది.

పరిహారం కన్నా ముందు రావలసిన విషయం ఆధారాల భద్రత. మాంచెస్టర్ కేసులో 17 ఏళ్లు జైలులో గడిపిన ఆండ్రూ మాల్కిన్సన్ 2023లో నిర్దోషిగా తేలడానికి కారణం, పోలీసులు బాధితురాలి దుస్తులను ధ్వంసం చేసినా ఫోరెన్సిక్ భాండాగారంలో నమూనాలు మిగిలి ఉండటం. ఇబ్రహీంపట్నం కేసులో అప్పీలు పెండింగులో ఉండగానే విజయవాడ కోర్టులోని ఆధారాలు ధ్వంసమయ్యాయని 2018లో తేలింది. అదే ఏడాది నవంబరులో హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. 2019 డిసెంబరులో తెనాలి శ్మశానంలో మృతురాలి అవశేషాలను వెలికితీసి మళ్లీ పరీక్షించవలసి వచ్చింది. పరిహారం గురించి ఎంతో చెప్పిన నివేదిక, కోర్టు మాల్‌ఖానాలోని వస్తువులను అప్పీళ్లన్నీ ముగిసేదాకా ఎవరు, ఎలా కాపాడాలన్న దానిని తన పరిధిలోకి తెచ్చుకోలేదు. నిర్దోషి తన హక్కును రుజువు చేసుకోవాలన్నా, బిడ్డను పోగొట్టుకున్నవారికి అసలు దోషి ఎవరో తెలియాలన్నా ఆధారం ఆ గదిలోనే ఉంటుంది.